చిమ్నీపేట మొదటి గ్లాసు

నమోదు – 1

కంపెనీ లాగ్‌లో వేడికి గడి ఉంది, ఒత్తిడికి గడి ఉంది, పొగలోంచి ఎంత శాతం కార్బన్ పట్టామో రాయడానికి అన్నిటికంటే పెద్ద గడి ఉంది. కోపానికి లేదు. అందుకని ఇది విడిగా మొదలుపెట్టాను. నా పేరు భూలక్ష్మి. చిమ్నీపేట థర్మల్ స్టేషన్‌లో పొగ కడిగే పైలట్ ప్లాంటుకి పగటి షిఫ్టు ఇన్‌ఛార్జిని, చదువుకి కెమిస్టుని. ఇది ఎవరైనా చదివితే వాళ్ళకి ముందే చెబుతున్నాను, నేను మర్యాదగా రాయబోవడం లేదు.

పొద్దున డ్యూటీ ఎక్కగానే మందు శాంపిల్ తీశాను. మందు అంటే కార్బన్‌ని పట్టుకునే ద్రావకం. దాని అసలు పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అందరం మందు అనే అంటాం. పట్టు టవర్‌లో పొగ కిందినుంచి పైకి పోతుంటే మందు పైనుంచి జల్లుగా పడి, కార్బన్‌ని పట్టుకుని కిందికి దిగుతుంది. ఉడుకు టవర్‌లో ఆవిరి వేడికి దాన్ని వదిలేస్తుంది. వదిలిన కార్బన్‌ని నొక్కి భూమి లోపలికి తోసేస్తాం, మందు మళ్ళీ మొదటి టవర్‌కి పోతుంది. డ్రమ్ముల్లోంచి కొత్తగా పోసినప్పుడు అది మంచినీళ్ళ రంగులో ఉండేది. ఈ రోజు సీసాలోకి తీస్తే పాలు పోయని టీ రంగులో ఉంది. మూత తీస్తే ఎండుచేపల వాసన.

రంగు మారిందంటే మందు విరిగిపోతోందన్నమాట. విరిగిన మందులో కొంత తుంపరగా పొగతోపాటు పైకి లేస్తుంది. అది చిమ్నీ దాటకుండా టవర్ నెత్తిమీద నీళ్ళతో కడుగుతాం. ఆ కడుగునీళ్ళు మొన్నటిదాకా వెనకాల మురుగు గుంటలోకి పోయేవి. పోయిన వారం నేను జ్వరంతో సెలవులో ఉన్నప్పుడు ఆ పైపుని కోసి ఊరి ట్యాంకుకి కలిపారు.

ఊరి ట్యాంకుకి! మనుషులు తాగే ట్యాంకుకి! ఆ అతుకు దగ్గర నిలబడి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. పైప్ వెల్డింగ్ మాత్రం చాలా నీటుగా చేశారు.

నమోదు – 2

గోదారి ఎండాకాలం ఇసుక, వానాకాలం బురద. అందుకే చిమ్నీపేట పొగ నీళ్ళు తాగుతుంది. బాయిలర్ పొగలో ఆవిరి ఉంటుంది కదా, దాన్ని చల్లార్చి, జల్లెడ పట్టి ట్యాంకులో నింపుతారు. నేను పుట్టకముందు నుంచీ అంతే. ఆ నీళ్ళు మంచివే. వాటిలో ఇప్పుడు ఈ కడుగునీళ్ళు కలుస్తున్నాయి.

ఆ ట్యాంకుకి ఒక పద్ధతుంది. ఎప్పుడో ఒకసారి అమోనియా లీకై నీళ్ళలో కలిసింది. ఊరంతా కక్కుకుంది. మా ఊరి పెద్దవ్వ, రాజవ్వ పెనిమిటి ఆ పొద్దు గూకకముందే పోయాడు. అప్పుడు ఆడా మగా పోయి వాల్వుకి అడ్డంగా పడుకుని ఈ పద్ధతిని సాధించారు. సాయంత్రం షిఫ్టు దిగే ఇన్‌ఛార్జి గేటు బయట జనం ముందు నిలబడాలి. ఆ రోజు నీళ్ళు స్టీలు గ్లాసులో పట్టుకుని, “నా ఇల్లు తాగే నీళ్ళు ఇవే” అని అందరికీ వినపడేలా చెప్పి తాగాలి. తాగి, గేటు పక్క అరుగు మీద సైరన్ మోగేదాకా కూర్చోవాలి. కక్కుకోకుండా కూర్చుంటే రాజవ్వ చెయ్యి ఎత్తుతుంది. అప్పుడే ఊరి వాల్వు తిప్పుతారు. మా నాయన ఆ మాట చెప్పి తాగాడు, నేనూ చెప్పి తాగాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉండేది.

ఈ రోజు కడుగునీళ్ళని లేబొరేటరీలో పరీక్షించాను. భయపడినదే దొరికింది. విరిగిన మందూ పొగలోని నత్రజనీ కలిసి పుట్టే విషం. తాగినవాణ్ణి ఆ రోజు ఏమీ చెయ్యదు. ఏళ్ళ తరబడి తాగితే కాలేయంలో గడ్డై బయటపడుతుంది. కాగితం పట్టుకుని ప్రాజెక్టు హెడ్ దివాకర్‌గారి గదికి పోయాను. ఆయనది సముద్రం వైపు ఊరు, గొంతు ఎప్పుడూ పెంచడు.

“మీరు చెప్పే పదార్థానికి గాలి బోర్డు పరిమితి పెట్టలేదండీ భూలక్ష్మిగారూ. పరిమితే లేనప్పుడు దాటడం ఎక్కడుంది?” అన్నాడు.

“వాళ్ళకు తెల్వక పెట్టలేదు సార్.”

“తెలిసినప్పుడు పెడతార్లెండి. ఈలోగా ఊరికి నీళ్ళు పెంచుతామని ఒప్పందంలో రాశాం. మురుగు గుంట నిండిపోయింది. ఆ నీళ్ళు నేనెక్కడ పోయమంటారు చెప్పండి?”

“మీ ఇంట్ల పోసుకోండి” అని నోటిదాకా వచ్చింది. నౌకరి గుర్తొచ్చి మింగేశాను. కానీ సాయంత్రం గేటు దగ్గర గ్లాసు ముట్టలేదు. కడుగునీళ్ళ పైపు తెంపితే తాగుతానన్నాను. వాల్వు తెరుచుకోలేదు. జనం ఖాళీ బిందెలతో నన్ను తిట్టుకుంటూ పోయారు.

నమోదు – 3

ఉదయానికల్లా దివాకర్‌గారు ఉపాయం కనిపెట్టాడు. గ్లాసు తాగడం ఇక ఇన్‌ఛార్జి పని కాదట. దానికి కొత్తగా ఒక పోస్టు పెట్టారు. పేరు ‘జల విశ్వాస సహాయకుడు’. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గానీ వాడి బుర్రకి దండం పెట్టాలి.

ఆ పోస్టు మా ఓదెలు బావకి ఇచ్చారు.

బావ అంటే మా సరోజక్క పెనిమిటి. బొగ్గు బందు చట్టం వచ్చి ఏడు బాయిలర్లలో ఆరు ఆర్పేసిన రోజున ఫిట్టరు పని పోయినవాడు. అప్పటినుంచి సైకిళ్ళు బాగుచేసుకుంటూ, అందరితో పరాచికాలాడుకుంటూ బతుకుతున్నాడు. ఇప్పుడు మా పైలట్ నెల రోజులు ఆగకుండా నడిచి, పొగలో తొంభై శాతం కార్బన్ పట్టి చూపిస్తే, మిగతా బాయిలర్లు వెలిగించుకోవడానికి గాలి బోర్డు ఒప్పుకుంటుంది. బాయిలర్లు వెలిగితే ఊరికి రోజంతా కరెంటు ఉంటుంది. ఇప్పుడు వార్డుకి ఒక పూట ఇస్తున్నారు, మిగతాదంతా పట్నాల చల్లగదులకి పోతోంది. ఊరంతా కళ్ళలో వత్తులు వేసుకుని ఆ నెల కోసం చూస్తోంది.

మధ్యాహ్నం తిండి వేళ నేరుగా అక్కవాళ్ళింటికి పోయాను. బావ కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

“ఏందే మరదలా, మొకం గట్ల పెట్టినవ్? బావకు నౌకరొచ్చిందంటే మిఠాయి తేవాలె గని.”

“అది నౌకరి కాదు బావా. కడుపుల విషం పోసుకుంటందుకు కూలి.”

“ఒక్క గ్లాసే గదనే! మీ అక్క పెట్టే చాయ్ కంటె నయమే ఉంటది.”

అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. “నా చాయ్ ఏంజేసిందయ్యా నిన్ను? నా చాయ్ తాగే గిట్ల బలిసినవ్.”

నేను నవ్వలేదు. కాగితంలో ఉన్నదంతా ఇద్దరికీ విడమరిచి చెప్పాను. అక్క సగం విని పిల్లలు ఏడుస్తున్నారని లేచిపోయింది. బావ మాత్రం చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా మధ్యలో పరాచికమాడలేదు. అయిపోయాక చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

“నెల గడిస్తే పర్మనెంట్ జేస్తమన్నరు, భూలచ్చిమీ. గా గేటు లోపటికి పోక ఎన్నేండ్లాయె నేను” అన్నాడు.

తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

నమోదు – 4

ఇక జనానికే చెబుదామని నీళ్ళ వరసలోకి పోయాను. అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు, గ్లాసు తాగి, మాట చెప్పి, కాళ్ళు ఊపుకుంటూ. అందరికంటే ముందు ఎప్పట్లాగే రాజవ్వ.

“అవ్వా, గీ నీళ్ళు మంచియి గావు. ఇయ్యాల తాగితే ఇయ్యాల కక్కుకోరు. పదేండ్లకో ఇరవయ్యేండ్లకో కాలేయంల గడ్డయితది” అన్నాను.

రాజవ్వ బోసినోటితో నవ్వింది. “ఇరవయ్యేండ్లా! నాకు గన్నేండ్లు రాసిచ్చినవా బిడ్డా, నీ నోట్ల చక్కెర పొయ్య.”

“నీకు గాదు, నీ మనవలకు.”

“ఓదెలుగాడు రోజూ తాగుతున్నడు. సూడు, గుండులెక్క కూసున్నడు. నా పెనిమిటి గ్లాసుడు తాగి అదే రోజు పాణమిడిసిండు. ఇసం అంటే గది. నువ్వు చెప్పేది ఏం ఇసమే, ఇరవయ్యేండ్లు ఆలోచన జేసుకునేది?”

వరసంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, “బీడీలు తాగుతలేమా, గుడుంబ తాగుతలేమా” అన్నారు. ఇంకెవరో, “బాయిలర్లు అంటుకోవుడు దీనికి ఇష్టం లేదు, దీనికి నౌకరి ఉన్నది గద” అన్నారు. నా ఒళ్ళు భగ్గున మండింది. నా గొంతు కూడా లేచింది, ఏం అన్నానో నాకే సరిగా గుర్తులేదు. అరుగు మీద బావ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక కూడా కోపం దిగలేదు. ఆలోచిస్తే వాళ్ళమీద కూడా కాదు అసలు కోపం. అమోనియాని పట్టుకోవడానికి పుట్టిన గ్లాసు అది. తాగినవాడు సైరన్‌లోపు కక్కుకుంటే తప్ప అది ఏ తప్పునీ చూపించదు. ఒకప్పుడు ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న పద్ధతి కాబట్టి ఊరు దాన్ని దేవుడి మాటలా నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని దివాకర్‌గారు నెల జీతానికి కొనుక్కున్నాడు. మా నాయన ఆ వాల్వుకి అడ్డంగా పడుకున్నది ఇందుకేనా?

నమోదు – 5

మందు ఇప్పుడు డికాక్షన్ రంగులోకి వచ్చింది. పట్టు టవర్‌లో నురగ లేస్తోంది. పట్టే శాతం తొంభై దాటడం లేదు, ఒక్కోసారి జారుతోంది. నేను రెండు రోజులు ఆపి, బూడిద చేరిన మందుని శుభ్రం చేద్దామని రాశాను. ఆపితే నెల మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలని దివాకర్‌గారు ఒప్పుకోలేదు. ఉడుకు టవర్‌కి ఆవిరి పెంచమన్నాడు.

“వేడి పెంచితే ఇంకా ఎక్కువ ఇరుగుతది సార్.”

“విరిగినదానికి కొత్తది పోయండి. డ్రమ్ములకి కొరతేం లేదు కదా?”

నిజమే, డ్రమ్ములకి కొరత లేదు. రోజూ పోస్తున్నాం. లోపల తిరగాల్సిన మందు తిరగకుండా ఎక్కడికి పోతోందని ఆ గదిలో ఒక్కరూ అడగరు. వాల్వులు, పంపులు, గాలి మీటర్లు అన్నీ ముందరేసుకుని చప్పట్లు కొట్టుకుంటారు, ఆవిరి పెంచాక తొంభై రెండొచ్చింది తొంభై మూడొచ్చిందని. పైనుంచి దిగే కడుగునీళ్ళకి మాత్రం మీటరే పెట్టలేదు. ఈ రోజు ఆ నీళ్ళు నేను అరచేతిలో పట్టుకుని చూశాను, పసుపచ్చగా ఉన్నాయి. ట్యాంకులో మంచినీళ్ళతో కలిశాక రంగు తెలియడం లేదు, అంతే.

కెమెరాలు పెట్టారు కాబట్టి ఆ అతుకు నేనే కోయలేను. కోస్తే గంటలో మళ్ళీ అతికిస్తారు, నన్ను బయటికి పంపిస్తారు. అప్పుడిక శాంపిల్ తీసేవాళ్ళు కూడా ఉండరు. పళ్ళు కొరుక్కుంటూ డ్యూటీ చేస్తున్నాను.

నమోదు – 6

రేపటితో నెల పూర్తవుతుంది. గాలి బోర్డువాళ్ళు వస్తున్నారు.

పొద్దున్నే అక్క కబురు పెట్టింది, అన్నానికి రమ్మని. పోయేసరికి పొయ్యి ముందు కూర్చుని విసుక్కుంటోంది.

“ఏమోనే చెల్లె, ఎంతసేపు పెట్టినా పప్పు ఉడుకుతలేదు. నెల దినాల సంది ఇదే లొల్లి. దుకాణపోడు పాత పప్పు అంటగడుతున్నట్టున్నడు.”

చేతులు కడుక్కుందామని సబ్బు రుద్దాను. నురగ రాలేదు. ఇంకా రుద్దాను, చేతికి జిగురు జిగురుగా అంటుకుంది తప్ప నురగ లేదు.

పొగ నీళ్ళలో ఉప్పులుండవు. వాటిలో పప్పు ఇట్టే మెత్తబడుతుంది, సబ్బు పొంగుతుంది. కడుగునీళ్ళు కలిసినా ఆ గుణం పోదు. ఇవి నేలలోంచి వచ్చిన గట్టినీళ్ళు. బిందెలోకి చూస్తే అడుగున ఎర్రటి మడ్డి.

“నీళ్ళు ఏడికెళ్ళి తెస్తున్నరక్కా?”

“మీ బావనే తెస్తడు. మన గల్లీ నల్లా పైపు పలిగిందట, వేరే గల్లీకెళ్ళి పట్టుకొస్తున్నడు. నన్ను లైన్ల నిలబడనిస్తలేడు పాపం.”

బావ బయట సైకిల్ తుడుస్తున్నాడు. క్యారియర్‌కి రెండు క్యాన్లు కట్టి ఉన్నాయి. దగ్గరికి పోయి నిలబడ్డాను.

“ఏ నీళ్ళు బావా అవి?”

“నల్లా నీళ్ళే.”

“నేను కెమిస్టును. నాకు చెప్తున్నవా?”

ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “మూసేసిన గని కాడ ఊట ఉన్నది. తెల్లారగట్ల పోయి తెస్తున్న.”

“ఎప్పటి సంది?”

“నువ్వు కాగితం సదివి చెప్పినవు సూడు, గా తెల్లారి సంది.”

“అంటే నేను చెప్పింది నమ్మినవా?”

“నమ్మకేంది? నువ్వెన్నడన్న అబద్ధం చెప్పినవా?”

ఊరంతట్లో నా మాట నమ్మిన మనిషి ఒకడున్నాడు. రోజూ గేటు ముందు నిలబడి “నా ఇల్లు తాగే నీళ్ళు ఇవే” అని చెప్పి ఊరికి వాల్వు తెరిపిస్తున్నవాడు. చేతిలో ఇంకా సబ్బు ఉంది, అది తీసి బావ మీదికి విసిరాను. భుజానికి తగిలి కింద పడింది.

“నేను తాగుతున్న గదనే. నా ఒళ్ళు నేను పెట్టిన. పిల్లలకు ఎందుకు తాపాలె?”

“నీ ఒళ్ళు నువ్వు పెట్టినవ్. రాజవ్వ మనవల ఒళ్ళు ఎవర్నడిగి పెట్టినవ్ బావా? గా లైన్ల నిలబడేటోళ్ళంత నిన్ను జూసే గద బిందెలు నింపుకుంటున్నరు!”

“మెల్లగ మాట్లాడే, సరోజ వింటది.”

“విననీ! నీ పిల్లల కడుపు కడుపు, ఊరోళ్ళది గుంటనా?”

“రేపు ఒక్కరోజే” అన్నాడు, నేల చూస్తూ. “రేపు గడిస్తే పర్మనెంటు. అటెనుక నేనే అందరికి చెప్త.”

“రేపు బాయిలర్లన్నీ అంటుకుంటయ్. ఏడింటికి ఏడు టవర్లు లేస్తయ్, ఏడు పైపులు ట్యాంకుల పడ్తయ్. అటెనుక ఎవడింటడు నీ మాట?” అన్నాను. “ఇగ సూడు. రేపు గా మాట మల్ల నీ నోట్లకెళ్ళి వచ్చిందనుకో, నేనే నడిమిట్ల నిలబడి గని నీళ్ళ సంగతి చెప్త. మా అక్క మొగుడివని ఊకుంట అనుకోకు.”

అన్నం తినకుండానే వచ్చేశాను. అక్క గుమ్మంలోంచి పిలుస్తూనే ఉంది.

నమోదు – 7

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

గేటు ముందు షామియానా వేశారు. గాలి బోర్డు నుంచి ఒక మేడమ్, ఇద్దరు కుర్ర ఆఫీసర్లు వచ్చారు. మధ్యాహ్నమే కంట్రోల్ రూమ్‌లో అంకెలు చూసుకున్నారు, నెల సగటు తొంభై ఒకటి. సాయంత్రం ‘ప్రజల విశ్వాసం’ చూపిస్తామని దివాకర్‌గారు వాళ్ళని గేటుకి తీసుకొచ్చాడు. ఊరు ఊరంతా వచ్చింది. అక్క కూడా కొత్త చీర కట్టుకుని వచ్చి ముందు నిలబడింది, మొగుడికి పర్మనెంటు ఆర్డరు ఇస్తారని.

నేను వరస మధ్యలో నిలబడ్డాను. ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఓదెలు బావ నీలం చొక్కాలో వచ్చాడు. గ్లాసు అందుకున్నాడు. “నా ఇల్లు...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ముందు వరసలో అక్కని చూశాడు. నన్ను వెతికి చూశాడు. తర్వాత ఏ మాటా లేకుండా గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాడు.

దివాకర్‌గారు చప్పట్లు మొదలుపెట్టాడు. కుర్ర ఆఫీసర్లు కలిశారు. జనం కలవలేదు.

“మాట ఏదిరా ఓదెలూ?” అంది రాజవ్వ.

“తాగాడు కదమ్మా. ఇంకా మాటలెందుకు? వాల్వు తెరవండి” అన్నాడు దివాకర్‌గారు.

“నీళ్ళు ఎవడన్న తాగుతడు సారూ. మాట చెప్పాలె.” రాజవ్వ చెయ్యి ఎత్తలేదు. కర్ర నేలకి ఆనించి నిలబడింది. “చెప్పు కొడుకా. నీ ఇల్లు తాగే నీళ్ళు ఇవేనా, కాదా?”

నేను అడుగు ముందుకి వేశాను. నా గొంతు లేచేలోపే బావ నోరు తెరిచాడు.

“కాదవ్వా. మా ఇల్లు గని నీళ్ళు తాగుతున్నది” అన్నాడు. “భూలచ్చిమి చెప్పింది నిజమే. నేనే పర్మనెంటు కోసం...”

మిగతాది ఎవరికీ వినపడలేదు. మొదటి బిందె ఎవరు విసిరారో తెలియదు, అది బావ మోకాలికి తగిలింది. తర్వాత మీద పడిపోయారు. రాజవ్వ కర్ర ఎత్తి కొట్టింది, ఏడుస్తూ కొట్టింది. “నా మనవలు గవ్వే తాగిండ్రు గదరా, నీ పాడుగాను!” అంది. నేను తోసుకుంటూ పోయి బావ చొక్కా పట్టుకుని బయటికి లాగాను. ఆయన మీద జాలి పుట్టి కాదు. చంపేస్తే నాకు తిట్టడానికి మనిషి మిగలడు. అక్క ఉన్నచోటనే నిలబడిపోయింది. ఉడకని పప్పు సంగతి ఆమెకి అప్పుడు అర్థమైనట్టుంది.

ఈ గొడవ సర్దుకున్నాక నా కాగితం తీసుకుని బోర్డు మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె చదివింది. మంచి మనిషే, ముఖంలో బాధ కనిపించింది.

“మేము గాలి బోర్డు అమ్మా. నీళ్ళు మా పరిధిలోకి రావు” అంది.

“నీళ్ళు పొగలకెళ్ళే వస్తున్నయి మేడమ్!”

“చిమ్నీ పైనుంచి ఏం బయటికి పోతోందో అదే మేం చూస్తాం. అది శుభ్రంగా ఉంది.”

శుభ్రంగానే ఉంటుంది మరి, మురికంతా మా కడుపుల్లోకి దించుతుంటే! ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను. పైలట్ విజయవంతమైందని సంతకం పెట్టి, దివాకర్‌గారికి సర్టిఫికెట్ ఇచ్చి, కారెక్కి పోయింది. పడ్డ బిందెల మధ్యనే ఆయన దాంతో ఫొటో దిగాడు.

వాల్వు తెరుచుకోలేదు. రాజవ్వ చెయ్యెత్తకుండానే ఇంటికి పోయింది.

నమోదు – 8

పొద్దున గేటు దగ్గరికొచ్చేసరికి పొడుగ్గా వరస కట్టి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పైపు తెంపమని అడగడానికి వచ్చారనుకున్నాను. దగ్గరికి పోతే ఎవరి చేతుల్లోనూ బిందెలు లేవు. ఆధార్ కాగితాలు, ఫొటోలు ఉన్నాయి. గేటుకి నోటీసు అంటించారు, జల విశ్వాస సహాయకుడి పోస్టు ఖాళీ అని. నిన్న బావ మీద చెయ్యి చేసుకున్నవాళ్ళలో నలుగురైదుగురు ఆ వరసలో నాకు కనపడ్డారు.

“మీకు సిగ్గున్నదా?” అన్నాను.

“సిగ్గు నీళ్ళు పోస్తదా, బువ్వ పెడ్తదా?” అంది ముందున్న ఒకామె. “నిన్న సాయంత్రం సంది ఇంట్ల సుక్క లేదు. ఎవడో ఒకడు తాగితెనే గద వాల్వు తెరుస్తరు!”

దివాకర్‌గారు లోపల కుర్చీలు వేయిస్తున్నాడు, ఇంటర్వ్యూలకి. నేను పోయి గేటుకీ ఆ వరసకీ మధ్యలో నిలబడ్డాను.

“మనోళ్ళు వాల్వుకు అడ్డం పడుకుని తెచ్చిన పద్ధతి ఇది. గ్లాసు ఇన్‌ఛార్జిది. కూలికి తాగేటోనిది గాదు. ఇయ్యాల ఇన్‌ఛార్జిని నేను. గా కడుగునీళ్ళ పైపు తెంపేదాక నేను తాగ, మాట చెప్ప, వాల్వు తెరువనియ్య” అన్నాను. వాల్వు చక్రం నిన్న రాత్రి ఇంటికి పోయేముందే విప్పేశాను, అది నా సంచిలోనే ఉంది. సంచి బరువుకి భుజం లాగుతోంది.

“మరి మా నీళ్ళెట్లనే?” అని అరిచింది అదే ఆడమనిషి.

“గని కాడికి నడువుండ్రి. గా నీళ్ళు నిన్ననే లేబొరేటరీల పరీక్ష జేసిన. ఇనుము ఉన్నది, విషం లేదు. పప్పు ఉడకది, చావరు.”

“గంత దూరమా? ఎండల? నీ బొందవెట్ట!”

“నడువుండ్రి అంటున్న గద! నేను సుత వస్త!”

లోపలినుంచి దివాకర్‌గారు వచ్చాడు. నన్ను సస్పెండ్ చేస్తున్నానని మొదటిసారి గొంతు పెంచి చెప్పాడు. రాజవ్వ అప్పుడే వచ్చింది, ఖాళీ బిందె చంకన పెట్టుకుని. ఆయన్ని ఎగాదిగా చూసింది.

“సారూ, నువ్వు తాగు. రోజు తాగు. నీ పెండ్లాం పిల్లలను ఈడికి తోలుకొచ్చి, గీ నల్లా కిందనే కాపురం పెట్టి, గప్పుడు మాట చెప్పు. నేను చెయ్యెత్తుత” అంది.

ఆయన లోపలికి పోయాడు. రాజవ్వ గని దారి పట్టింది. ముందు ఇద్దరు ఆమె వెనక నడిచారు. తర్వాత ఇంకొందరు ఇళ్ళకి పోయి బిందెలు తెచ్చుకున్నారు. వరసలో సగం మంది మాత్రం ఫొటోలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. వాళ్ళని తిట్టీ తిట్టీ నా గొంతు బొంగురుపోయింది. అయినా సగం కదిలింది.

దారి మలుపులో ఓదెలు బావ కనపడ్డాడు. కన్ను వాచి మూసుకుపోయింది, కాలు కుంటుతోంది, భుజాన చేంతాడు. ఊట ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు. ఎవరూ ఏమీ అనకముందే ముందు నడవడం మొదలుపెట్టాడు. అక్క ఆయనకి అల్లంత దూరంలో, పక్కకి చూడకుండా నడుస్తోంది.

గని చాలా దూరం. ఎండ నెత్తిన కొడుతోంది. మొదట రాజవ్వ అందుకుంది, తర్వాత అందరూ అందుకున్నారు. కంపెనీని తిట్టారు, బోర్డుని తిట్టారు, నన్ను తిట్టారు, అందరికంటే ఎక్కువ ఓదెలు బావని తిట్టారు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, ఆగనూ లేదు. నేనూ వాళ్ళ గొంతులో గొంతు కలిపి తిడుతూనే నడిచాను.